మేతలో ఉన్న రాగి ఒంటికి ఎందుకు పట్టదు?

కార్తీకంలో నెల్లూరు వైపు ఉదయగిరి, కలువాయి మెట్టల్లో ఎటు చూసినా పచ్చగా ఉంటుంది. జీవాలకు కడుపు నిండడానికి అంతకన్నా మంచి కాలం లేదు. అలాంటి రోజుల్లో కూడా అప్పుడప్పుడూ ఏదో ఒక మందలో నెల, రెండు నెలల గొర్రెపిల్ల వెనక కాళ్లు ఈడుస్తూ కనిపిస్తుంది. తల్లి వెంట పరిగెత్తబోయి పక్కకు ఒరుగుతుంది. ముందుకాళ్ల మీద లేస్తుంది, నడుము లేవక మళ్లీ కూలబడుతుంది. జ్వరం ఉండదు. కళ్లు చురుగ్గానే ఉంటాయి, పొదుగు దగ్గరికి చేరిస్తే ఆత్రంగా పాలు తాగుతుంది. నడుం పడిపోయిందంటారు, గాలి సోకిందంటారు. పిల్లల్లో ఇలా కావడానికి ఉన్న కారణాల్లో పెద్దది, తల్లి కడుపులో ఉండగానే వాటికి రాగి అనే ఖనిజం అందకపోవడం. రాగి చాలకపోతే వెన్నుపాములో నరాల మీద మైలిన్ అనే పొర సరిగా ఏర్పడదు. పుట్టాక ఎంత రాగి ఇచ్చినా ఆ లోటు పూర్తిగా పూడదు.

ఇక్కడే చిక్కు. ఆ తల్లి మేసిన గడ్డిని కోసి పరీక్షకు పంపితే రాగి ఉండాల్సినంత ఉందనే రిపోర్టు రావచ్చు. గొర్రెకు కిలో ఎండు మేతలో 5 నుంచి 10 మిల్లీగ్రాముల రాగి ఉంటే సరిపోతుందని లెక్క. గడ్డిలో 6 ఉంటుంది. అయినా పిల్ల లేవలేదు.

రిపోర్టు చెప్పేది మేతలో ఎంత ఉందో. ఒంటికి ఎంత పట్టిందో చెప్పదు. గడ్డి నోట్లో పడడానికీ, అందులోని రాగి, జింకు, కోబాల్టు నెత్తుట్లో కలవడానికీ మధ్య పెద్ద పొట్ట (నెమరువేసే జీవి కడుపులోని నాలుగు గదుల్లో మొదటిది) ఒకటి ఉంది. నెమరువేసే జీవికి తన మేతలోని సూక్ష్మ ఖనిజాలు నేరుగా దక్కవు. ముందు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవుల చేతుల్లో పడి, అవి వదిలిపెట్టినంతే పేగు దాకా వస్తాయి. పశువుల ఖనిజ లోపాల గురించి మన జిల్లాల్లో జరిగే మాటంతా ఖనిజాల మిక్చర్ ఏ కంపెనీది, ఎన్ని గ్రాములు అన్న దగ్గరే ఆగిపోతోంది. నోటికీ నెత్తుటికీ మధ్య ఉన్న ఈ దారి గురించి తెలియకపోతే ఆ గ్రాముల లెక్కకు అర్థం లేదు.

గంధకం, మాలిబ్డినం వేసే ముడి

పాలు తాగే గొర్రెపిల్లకు ఇంకా నెమరు ఉండదు. పాలు పెద్ద పొట్టలోకి పోకుండా నేరుగా నాలుగో పొట్టకు జారిపోతాయి. ఆ వయసులో అది తాగిన దాంట్లోని రాగిలో 70 నుంచి 85 శాతం దాకా ఒంటికి పట్టించుకోగలదు. గడ్డి కొరికి, నెమరు మొదలై, పెద్ద పొట్ట తయారయ్యాక అదే పిల్లకు 10 శాతం కూడా దక్కదు. పేగు చెడిపోయి కాదు, పేగుకు రాకముందే రాగి చిక్కుకుపోవడం వల్ల.

పెద్ద పొట్టలో గాలి ఉండదు. అక్కడి సూక్ష్మజీవులు మేతలోని మాంసకృత్తుల్లో ఉన్న గంధకాన్నీ, నీళ్లలోని సల్ఫేటునూ సల్ఫైడుగా మారుస్తాయి. మేతలో మాలిబ్డినం అనే సూక్ష్మ ఖనిజం కూడా ఉంటే ఈ సల్ఫైడు దానితో కలిసి థయోమాలిబ్డేట్లు అనే పదార్థాలు తయారవుతాయి. ఇవి రాగిని పట్టుకుంటే వదలవు. పీచుకు అంటుకున్న ఆ ముడి అలాగే పేగు దాటి పేడలో, పెంటికల్లో బయటికి పోతుంది. మాలిబ్డినం మరీ ఎక్కువైతే థయోమాలిబ్డేట్లు నెత్తుట్లోకి కూడా చేరి, అక్కడున్న రాగిని పనికి రాకుండా కట్టేస్తాయి. అప్పుడు నెత్తురు పరీక్షలో రాగి మామూలుగానే కనిపిస్తుంది, ఒంట్లో లోటు మాత్రం లోటే.

ఒక చిన్న లెక్క. గొర్రె రోజుకు కిలో ఎండు మేతకు సమానమైన గడ్డి తింటుందనీ, అందులో 6 మిల్లీగ్రాముల రాగి ఉందనీ అనుకుందాం. 4 శాతం పడితే ఒంటికి చేరేది 0.24 మిల్లీగ్రాములు. గంధకం, మాలిబ్డినం అడ్డుపడి 1.5 శాతమే పడితే 0.09. మేత మారలేదు, రిపోర్టు మారలేదు, గొర్రెకు దక్కేది సగానికన్నా తక్కువైంది. అందుకే రాగి అంకె ఒక్కటే చూసి లాభం లేదు, రాగికీ మాలిబ్డినానికీ ఉన్న నిష్పత్తి చూడాలి. మాలిబ్డినానికి రాగి రెండింతలు కూడా లేకపోతే లోపం వచ్చే ప్రమాదం ఎక్కువ.

చాలామందికి నమ్మబుద్ధి కాని సంగతి ఇంకొకటి ఉంది. ఇదే గడ్డి ఎండితే అందులోని రాగి మెరుగ్గా పడుతుంది. ఎండుగడ్డి పెద్ద పొట్టలో నెమ్మదిగా కరుగుతుంది, సల్ఫైడు తక్కువగా పుడుతుంది, ముడులు తక్కువ పడతాయి. పచ్చిక బాగా ఉన్న కాలంలోనే రాగి లోపం ఎందుకు బయటపడుతుందనే ప్రశ్నకు జవాబులో ఇది ఒక ముఖ్యమైన భాగం.

మాలిబ్డినం గుణం రాగి, జింకు, ఇనుము, మాంగనీసులకు తలకిందులు. నేలలో క్షారం పెరిగే కొద్దీ ఆ నాలుగూ మొక్కకు అందడం తగ్గుతుంది, మాలిబ్డినం అందడం పెరుగుతుంది. నీరు నిలిచినా పెరుగుతుంది. ఇది తెలుగు నేల మీద మనుషుల్లోనే చూసిన సంగతి. 1970ల్లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ ఫ్లోరైడు ప్రాంతంలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని గమనించారు. నాగార్జునసాగర్ కట్టాక చుట్టుపక్కల భూగర్భజలం పైకి రావడం, నేలలో క్షారం పెరగడం, ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం ఎక్కువ కావడం, మనుషుల ఒంట్లో రాగి తగ్గడం, వీటిని ఆ జబ్బుతో ముడిపెట్టారు. ఆ పరిశీలన నల్గొండది, మనుషులది. సాగర్ కుడి కాలువ పారే ప్రకాశం పల్లెల్లో పశువులకూ అదే జరుగుతోందని దీన్ని బట్టి తీర్మానించకూడదు. కానీ జొన్న చొప్ప తిని, ఉప్పుబోరు నీళ్లు తాగే పశువు ఉన్న చోట చొప్పలో మాలిబ్డినం ఎంత, నీళ్లలో సల్ఫేటు ఎంత అని అడగడానికి ఆ పాత పాఠం చాలు. ఇప్పటికీ పరీక్షకు పోయేది మేత ఒక్కటే. తొట్టిలో నీళ్ల గురించి అడిగేవాళ్లు తక్కువ.

కనిగిరి, పామూరు, పొదిలి వైపు నీళ్లలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. పశువుల్లోనూ అది పళ్లను అరగదీస్తుంది, కుంటిస్తుంది. కుంటే ప్రతి ఎద్దుకూ ఖనిజ లోపమని పేరు పెడితే అసలు కారణం తాగే నీళ్లలో అలాగే ఉండిపోతుంది.

దుబ్బుల్లో మేసే మంద

రాగికి ఇంకో శత్రువు ఇనుము. అది లోపించడం వల్ల కాదు, ఎక్కువై. నెల్లూరు మాగాణిలో కోతలయ్యాక కయ్యల్లో మందలు దిగుతాయి. రైతుకు ఎరువు, కాపరికి మేత. మొదటి నాలుగు రోజులు గట్ల మీద గడ్డి, రాలిన వడ్లు ఉంటాయి. ఆ తర్వాత గొర్రెలు వరి దుబ్బులను మొదలంటా కొరుకుతాయి. దగ్గరికి వెళ్లి చూస్తే పెదాల మీద, ముక్కుపుటాల చుట్టూ మన్ను పేరుకుని ఉంటుంది. నమలేటప్పుడు పళ్ల మధ్య ఇసుక కరకరలాడే చప్పుడు కూడా వినిపిస్తుంది.

దీన్ని ఎవరైనా చూసుకోవచ్చు. గుప్పెడు తాజా పెంటికలను ఒక తెల్లటి గిన్నెలో నీళ్లు పోసి బాగా పిసికి, కాసేపు కదపకుండా ఉంచాలి. పీచు పైకి తేలుతుంది. అడుగున ఇసుక, మన్ను పేరుకుంటుంది. చెట్టు ఆకు తినే మేక పెంటికలకూ, దుబ్బుల్లో మేసే గొర్రె పెంటికలకూ అడుగున పేరుకునే దాంట్లో తేడా కంటికి తెలుస్తుంది. గడ్డి బాగా పొట్టిగా ఉన్నప్పుడు పశువు తిన్న ఎండు పదార్థంలో పదో వంతుకు పైగా మట్టే ఉండొచ్చు.

ఆ మట్టితో ఇనుము వస్తుంది. నీళ్లు నిలిచిన మాగాణి నేలలో ఇనుము కరిగే రూపంలోకి మారి మొక్కకూ ఎక్కువగా చేరుతుంది. పెద్ద పొట్టలో ఈ ఇనుము సల్ఫైడుతో కలిసి, తర్వాత రాగికి అడ్డుపడుతుంది. మాలిబ్డినం లేకపోయినా ఇనుము, గంధకం రెండూ కలిస్తే చాలు. రక్తం తక్కువగా ఉందని గొర్రెకు ఇనుము టానిక్ పట్టే అలవాటు ఒకటి కొన్నిచోట్ల ఉంది. మేసే గొర్రెకు ఇనుము కొరత దాదాపుగా రాదు. కనురెప్పల లోపలి పొర పాలిపోతే చూడాల్సింది నాలుగో పొట్టలో నెత్తురు తాగే పురుగుల కోసం. ఆ పురుగులు ఇంకో పని కూడా చేస్తాయి. నాలుగో పొట్టలో పులుపును తగ్గిస్తాయి, దాంతో అక్కడ కరగాల్సిన రాగి సరిగా కరగదు. మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పురుగులు పెరిగే కాలం, పచ్చిక పెరిగే కాలం, రాగి తక్కువగా పట్టే కాలం, మూడూ ఒకటే అయ్యాయి. చెరువుల కింద మేసే పశువుల కార్జంలో జలగలు చేరితే రాగి నిలవ ఉండే చోటే దెబ్బతింటుంది.

రాగి తగ్గితే వెంట్రుకలకు రంగు పట్టదు. నల్ల బర్రె ఒళ్లు గోధుమ రంగుకు తిరగడం, కళ్ల చుట్టూ కళ్లజోడు పెట్టినట్టు వెలిసిపోవడం పుస్తకాల్లో చెప్పే గుర్తులు. మన దగ్గర ఈ గుర్తుకు ఒక ఇబ్బంది ఉంది. ఒంగోలు ఆవు తెల్లన. నెల్లూరు గొర్రెల్లో పల్ల తెల్లన. వెలిసిపోవడానికి వాటి ఒంటి మీద రంగే లేదు. జోడిపి రకానికి మూతి, కళ్ల దగ్గరి నల్ల మచ్చలు, దొర రకానికి ఒంటి గోధుమ రంగు ఉన్నాయి కాబట్టి కలగలుపు మందలో ముందు వాటి వైపు చూడాలి.

జింకు దాచుకోలేని సొత్తు

రాగిని కార్జం దాచుకుంటుంది. మంచి మేత దొరికిన నెలల్లో కూడబెట్టి కరువు నెలల్లో వాడుకుంటుంది. జింకుకు అలాంటి కొట్టు లేదు. ఒంట్లో జింకు చాలానే ఉంటుంది కానీ ఎముకలో, కండలో ఉన్నది అవసరానికి వెంటనే బయటికి రాదు. కాబట్టి రోజూ కొంచెం కొంచెం రావాల్సిందే. దీనికి తగ్గట్టు పేగు తలుపును అదే సర్దుకుంటుంది. మేతలో జింకు తగ్గితే పేగు గోడలోని రవాణా మాంసకృత్తులు పెరిగి ఎక్కువ శాతం లోపలికి లాగుతాయి. ఎక్కువైతే పేగు కణాల్లోని మెటలోథయోనిన్ అనే మాంసకృత్తు దాన్ని పట్టి ఉంచుతుంది. రెండు మూడు రోజుల్లో ఆ కణాలు రాలిపోయి జింకు పేడలో పోతుంది. ఒకేసారి గుప్పెడు జింకు పెట్టి వారం నిశ్చింతగా ఉండడం కుదరదని దీన్ని బట్టే అర్థమవుతుంది.

తవుడులో ఫైటేటు అనే పదార్థం ఉండి జింకును కట్టేస్తుందని కోళ్ల రైతులకు తెలుసు. ఆవుకూ బర్రెకూ ఆ భయం అంతగా లేదు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు ఫైటేటును విరగ్గొడతాయి. రాగి విషయంలో అడ్డుపడిన పొట్టే జింకు విషయంలో దారి తెరుస్తుంది.

వరిలో జింకు లోపం నెల్లూరు రైతుకు కొత్త కాదు. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనబడగానే జింకు సల్ఫేటు చల్లుతాడు. నీరు నిలిచిన నేలలో జింకు మొక్కకు అందడం తగ్గుతుందని అనుభవంతో తెలుసు. అదే కయ్యలో వచ్చిన గడ్డి వాము పెట్టి ఏడాదంతా బర్రెకు వేసేటప్పుడు మాత్రం ఆ ఆలోచన రాదు. పైరుకు చాలని నేల పశువుకు చాలుతుందా? గిట్టలు మెత్తబడడం, చర్మం గరుకెక్కి పొక్కులు లేవడం, పుండు త్వరగా మానకపోవడం, పొట్టేలు పిల్లలకు వృషణాలు ఎదగకపోవడం జింకు లోపం గుర్తులు. ఇవన్నీ వేరే జబ్బుల్లోనూ ఉంటాయి, అదే కష్టం.

కోబాల్టు పశువు కోసం కాదు

పచ్చిక బయళ్లలో గొర్రెలు ఆకలితో చచ్చిపోయిన కథ ఒకటి ఉంది. ఆస్ట్రేలియా తీరంలో, న్యూజిలాండు మెట్టల్లో మోకాలెత్తు గడ్డి మధ్య గొర్రెలు, పశువులు మేత మానేసి, ఎముకలు తేలి చనిపోయేవి. చాలా కాలం ఇనుము లోపమనుకున్నారు. లిమొనైటు అనే ఇనుప ఖనిజం నలగ్గొట్టి పెడితే కోలుకునేవి కూడా. 1930ల్లో అసలు సంగతి బయటపడింది. నయం చేసింది ఆ రాయిలోని ఇనుము కాదు, అందులో రవ్వంత కలిసి ఉన్న కోబాల్టు. బి12 విటమిన్‌ను వేరు చేసింది 1948లో, అందులో కోబాల్టు ఉందని తెలిసింది కూడా అప్పుడే. అక్కడితో కథ పూర్తయింది.

కోబాల్టు గొర్రెకు నేరుగా అక్కర్లేదు. పెద్ద పొట్టలోని బాక్టీరియాకు కావాలి. అవి దానితో బి12 తయారు చేస్తాయి, గొర్రె పేగు చివరి భాగంలో ఆ బి12ను పీల్చుకుంటుంది. నెమరువేసే జీవులకు పిండి పదార్థం నుంచి చక్కెర దాదాపుగా దొరకదు. పెద్ద పొట్టలో పుట్టే ప్రొపియోనేటు అనే ఆమ్లం నుంచి కార్జం చక్కెర చేసుకోవాలి. ఆ పనికి బి12 తప్పనిసరి. అది లేకపోతే ప్రొపియోనేటు నెత్తుట్లో పేరుకుని ఆకలి చచ్చిపోతుంది. అందుకే కోబాల్టును సూదితో ఇస్తే ప్రయోజనం ఉండదు, నోటి ద్వారా పొట్టలోకి పోవాలి. సూదితో ఇవ్వాలంటే తయారైన బి12 ఇవ్వాలి. కిలో ఎండు మేతలో 0.1 మిల్లీగ్రాము కోబాల్టు చాలు, అంత తక్కువ. కాకపోతే కోబాల్టు నిలవ ఉండదు, రోజూ రావాలి.

సెలీనియం అనే మరో సూక్ష్మ ఖనిజం గురించి ఒక్క మాట. పంది తిన్న సెలీనియంలో 85 శాతం పట్టించుకుంటే, గొర్రెకు 34 శాతమే పట్టినట్టు 1960ల్లో అమెరికాలో కొలిచారు. కారణం మళ్లీ పెద్ద పొట్టే. అక్కడి బాక్టీరియా దాన్ని కరగని రూపంలోకి దించేస్తాయి. అయితే అవసరానికీ విషానికీ మధ్య తేడా దీనికి చాలా తక్కువ, సొంతంగా వేసుకునే మందు కాదు.

సుబాబుల్ ఆకు

ప్రకాశంలో కాగితం గుజ్జు కోసం వేలాది ఎకరాల్లో సుబాబుల్ వేశారు. కర్ర మిల్లుకు పోతుంది, కొమ్మల ఆకు మేకకు దక్కుతుంది. మాంసకృత్తులు బాగా ఉన్న మంచి ఆకు. అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది. అది రాగి, జింకు, ఇనుములను పట్టుకునే గుణం కలది. పెద్ద పొట్టలో అది డీహెచ్‌పీ అనే ఇంకో పదార్థంగా మారి థైరాయిడ్ గ్రంథి పనికి అడ్డుపడుతుంది. అయోడిన్ బాగానే పడినా గ్రంథి దాన్ని వాడుకోలేదు. ఒంటి వెంట్రుకలు రాలడం, గొంతు కింద గడ్డ, బలహీనమైన పిల్లలు పుట్టడం దాని ఫలితాలు.

ఆస్ట్రేలియాలో ఈ ఆకు తిన్న పశువులు దెబ్బతింటుంటే, హవాయిలో మేకలు ఎంత తిన్నా బాగానే ఉండడాన్ని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నారు. తేడా పొట్టలోని బాక్టీరియాలో ఉంది. హవాయి మేకల పొట్టలోని రసాన్ని 1980ల్లో ఆస్ట్రేలియా జీవాలకు ఎక్కించారు, అవి కూడా తట్టుకున్నాయి. ఆ బాక్టీరియాకు ఆయన పేరు మీదే సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. తరాల తరబడి ఈ ఆకుకు అలవాటు పడిన మందకు, ఎన్నడూ తినని చోటు నుంచి సంతలో కొనుక్కొచ్చిన మేకకు తేడా ఎందుకు ఉండొచ్చో ఇది చెబుతుంది. కొత్త మేకకు కొద్ది కొద్దిగా అలవాటు చేసి, మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా చూసుకోవడం మంచిది.

ఆవు మిక్చర్ గొర్రెకు పెడితే

లోపం గురించి ఇంత చెప్పాక దీనికి ఎదురు సంగతి చెప్పకపోతే నష్టం జరుగుతుంది. గొర్రె కార్జం రాగిని దాచడంలో దిట్ట, పైత్యరసం ద్వారా బయటికి తోయడంలో మాత్రం చాలా వెనకబాటు. మేకకు, ఆవుకు ఈ ఇబ్బంది తక్కువ. ఎండు మేతలో కిలోకు 15 మిల్లీగ్రాములు దాటితే గొర్రెకు ప్రమాదం మొదలవుతుంది, ఆవు 40 దాకా తట్టుకుంటుంది. మేతలో మాలిబ్డినం తక్కువగా ఉంటే గొర్రెకు ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. ఆవుల మిక్చర్, దాణా నెలల తరబడి పొట్టేళ్లకు పెడితే పైకి ఏమీ కనిపించదు, బరువు కూడా బాగానే వస్తుంది. కార్జం నిండాక ఒకరోజు ప్రయాణమో, టెన్షనో, రెండు రోజుల పస్తో వస్తుంది. కార్జం నుంచి రాగి ఒక్కసారిగా నెత్తుట్లోకి వచ్చి ఎర్ర కణాలు పగిలిపోతాయి. కళ్లు పసుపెక్కుతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో జీవం పోతుంది. బక్రీదు కోసం కట్టేసి మేపే పొట్టేళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. సంచి మీద గొర్రెలకు అని రాసి ఉన్నదే కొనాలి.

మిశ్రమంలో ఏ రూపంలో ఉందన్నది కూడా చూడాలి. రాగి సల్ఫేటు కరుగుతుంది, పడుతుంది. రాగి ఆక్సైడు పొడి చవకగా వస్తుంది, చాలా వరకు వచ్చిన దారినే పోతుంది. అదే ఆక్సైడును సన్నని తీగ ముక్కలుగా చేసి మాత్రలో ఇస్తే నాలుగో పొట్ట మడతల్లో ఇరుక్కుని అక్కడి పులుపుకు వారాల తరబడి కరుగుతుంది. పెద్ద పొట్టలో పడే ముడిని చాలావరకు తప్పించుకునే ఉపాయం అది.

మన పశువే బ్రెజిల్లో ఎలా బతుకుతుందో ఒకసారి చూడాలి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే అక్కడికి వెళ్లిన ఒంగోలు జాతికి నెలోర్ అన్న పేరే నిలిచింది. బ్రెజిల్లో సెర్రాడో అనే గడ్డి మైదానాల నేలలు పులుపు నేలలు, భాస్వరం పేద నేలలు. అక్కడి పచ్చిక బయళ్లలో ఉప్పుతో కలిపిన ఖనిజాల తొట్టి తప్పనిసరి. ఆ తొట్టిలో ఏం కలపాలో అక్కడి నేలనూ గడ్డినీ పరీక్షించి నిర్ణయిస్తారు. ఆ లెక్కను ఇక్కడికి తెచ్చి పామూరు బోరు నీళ్లు తాగే ఆవుకు పెడితే సరిపోదు.

బర్రె ఎదకు రాకపోతే, తిరగపొర్లితే (కట్టించినా చూడి నిలవక మళ్లీ ఎదకు వస్తే) వెంటనే మిక్చర్ డబ్బా కొనే అలవాటు పాతుకుపోయింది. చాలాసార్లు అసలు కారణం ఖనిజం కాదు, ఈనాక చాలినంత మేత లేక ఒళ్లు కరిగిపోవడం. కడుపు నిండని పశువుకు రోజుకు 50 గ్రాముల పొడి ఏ సాయమూ చేయదు.

లోపం ఉందో లేదో తేల్చడానికి నెత్తురు పరీక్ష ఒక్కటే సరిపోదు. కార్జంలో నిలవ అడుగంటేదాకా నెత్తుట్లో రాగి మామూలుగానే ఉంటుంది. జ్వరమో, చీము పట్టడమో ఉంటే పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. నమ్మదగ్గ జవాబు కార్జంలోనే ఉంది. ఆ మందలోంచి కోతకు పోయిన రెండు మూడు గొర్రెల కార్జం నుంచి వేలి కొసంత ముక్క చొప్పున తీసి, విడివిడిగా శుభ్రమైన కవర్లలో పెట్టి, ఐసు మీద పశువైద్యుడి ద్వారా ల్యాబుకు పంపించవచ్చు. కిలో ఎండు కార్జానికి 100 నుంచి 500 మిల్లీగ్రాముల రాగి ఉంటే ఆ మందకు ఇవ్వాల్సింది ఏమీ లేదు. 20 లోపు ఉంటే చూడి గొర్రెలకు ఈనడానికి ముందే రాగి అందించాలి. 500 దాటితే మిక్చర్ సంచి ఆ రోజే మూసెయ్యాలి. కార్జం ముక్కతో పాటు మంద తాగే నీళ్లు ఒక సీసా, మేసే గడ్డి ఒక గుప్పెడు కూడా పంపి, మాలిబ్డినం, సల్ఫేటు, ఇనుము చూడమని చీటీ మీద రాయాలి. అడగకపోతే అవి చూడరు.